ముసుగు దాచని విరామం

శ్రావణ శుద్ధ ద్వాదశి

తెల్లవారగానే నా వంతు పని ముగించాను. మూడవ లాకు తలుపుకు పట్టిన నత్తగుల్లలను గీకి, ఇరుసుకు నూనె పెట్టి, పోటు ఎంతవరకు ఎక్కిందో రాతిగోడమీద సుద్దతో గుర్తు వేశాను. డెబ్బై దాటినవాడికి ఈ పని ఎందుకని మా కోడలు అడుగుతూనే ఉంటుంది. సముద్రం మన నేలకంటె ఎత్తున నిలిచి ఉన్న ఊరిలో వయసు ఎవరికీ మినహాయింపు కాదు. మా ఉప్పుదిబ్బలో లాకు ముట్టనివాడు అన్నం ముట్టడానికి మొగమాటపడతాడు.

తరువాత వినికిడి గదికి వెళ్ళాను. నా అసలు ఉద్యోగం అక్కడ. ఉద్యోగమంటే జీతం ఉన్నదని కాదు. ఇక్కడ ఎవరికీ లేదు. మా లాకులను తెరిచి మూసే ప్రోగ్రాం పేరు చెలియలికట్ట. సముద్రానికి హద్దు అన్న అర్థంలో పూర్వులు పద్యాలలో వాడిన మాట అది, పెట్టింది నేనే. దాని కోడు వ్రాసేవారు, దిద్దేవారు అందరూ తీరిక వేళల్లో వచ్చి చేసిపోయేవారే. ఎవరైనా ఒక మార్పు తెస్తే, అది లాకులకు ఎక్కేముందు, వ్రాసినవారు శ్రోతకు ఎదురుగా కూర్చుని దానిని మొదటినుంచి చివరకు, చివరినుంచి మొదటికి చదివి వినిపించాలి. శ్రోత గ్రహించి "విన్నాను" అనాలి. ఆ మాట పడితేనే మార్పు చెల్లుతుంది. యంత్రాలు మనుషులకంటె చక్కగా వ్రాయడం నేర్చిన తరువాత మావాళ్ళకు వ్రాతమీద నమ్మకం పోయింది. ఎదుట కూర్చున్న మనిషి గొంతుమీద మాత్రం మిగిలింది. చిన్ననాడు వేదపాఠశాలలో పదపాఠం, క్రమపాఠం వల్లించిన నాకు ఈ ఏర్పాటు కొత్తగా తోచలేదు. స్వరం జారితే పట్టుకొనే చెవి ఉన్నదని నన్ను అక్కడ కూర్చోబెట్టారు.

ఈ ఉదయం సుంకులమ్మ ఒక చిన్న మార్పు చదివింది. ఆమెది ఎగువ మెట్టసీమ. నాలుగేళ్ళ క్రితం వచ్చింది. ఇంకా చేయూత హోదాలోనే ఉంది. చేయూతవారు మార్పు తేగలరు, చదవగలరు. దానిని లాకులకు ఎక్కించే చేవ్రాలు వేరే ఉంటుంది. మా ఊరికి ఆ చేవ్రాలు కొక్కిలిగడ్డ ఏసోబు ఒక్కడిదే. చెలియలికట్టలో సగానికి పైగా అతని చేతి పని.

మధ్యాహ్నం ఫిర్యాదుల తీగ మోగింది. ఫిర్యాదు చేసేవారి గొంతుకు ముసుగు వేయాలని మా చట్టం. ప్రతి రేవులోనూ ఈ తీగ ఉన్న చెక్కగదిలోకి మనిషి వెళ్ళాడా లేదా అన్నది మాత్రమే కాపలాదారు చూస్తాడు. ఎవరన్నది చూసినా చెప్పడు. మొగగొంతో ఆడగొంతో తెలియనివ్వని ఆ మోత ఇలా చెప్పింది: ఏసోబు మార్పులను వారాల తరబడి మూలన పడేస్తున్నాడు. అడిగితే, తొందరగా ఉంటే నువ్వే పోయి సముద్రాన్ని ఆపుకో అంటున్నాడు. అతని చేవ్రాలు తీసివేసి, పని తెలిసిన సుంకులమ్మకు ఇవ్వాలి.

ఏసోబు నోరు మంచిది కాదన్నది నిజమే. ఫిర్యాదును నడవడి సభకు పంపాను.

శ్రావణ పౌర్ణమి

రెండవ ఫిర్యాదు నిన్న, మూడవది ఈ పూట వచ్చాయి. ఒకటి ఉత్తరపు రేవునుంచి, ఒకటి చేపల రేవునుంచి. ఏసోబు అలిసిపోయాడని, కొత్తవారిని కసురుతున్నాడని, అతని చేతిలో లాకులు క్షేమం కాదని. మూడింటి చివరా సుంకులమ్మ పేరే.

నడవడి సభకు పెద్ద అడపా జగదాంబగారు స్వయంగా వచ్చారు. కుర్చీ జరుపుకొని కూర్చోకముందే విషయంలోకి దిగారు. ముగ్గురూ ఒకే మనిషికి పట్టం కట్టమనడం ఆమెకు నచ్చలేదు. నాకూ నచ్చలేదు.

"ఇది ఆ పిల్ల పనే అయితే, నాలుగేళ్ళనించీ మనల్ని మంచి చేసుకుంటంది ఇందుకేనన్నమాట," అన్నారామె. "మీరు విని చెప్పండి ఆచార్లుగారూ. మీ మాటే సభ మాట."

దాని బరువు నాకు తెలుసు. ముసుగును స్వార్థానికి వాడుకొన్నవారికి మౌనం విధిస్తారు. మౌనం పడినవారి గొంతును ఈ తీరంలో ఏ వినికిడి గదీ వినదు. ఏ లాకు ఊరిలోనూ వారికి నిలువ నీడ దొరకదు. పైగా ఆమె చేర్చిన మార్పులన్నీ ఊడదీయాలి. అమావాస్య పోటుకు లాకులను చేతులతో తిప్పవలసి వస్తుంది. అందువల్ల త్రయోదశినాటికి తీర్పు కావాలన్నారు.

ఆమె వెళ్ళిన తరువాత నా బల్లమీద ఉన్న జొన్నరొట్టెల మూటను చూశాను. వారం వారం సుంకులమ్మ తెచ్చిపెడుతుంది. ఇంతకాలం అది ఆప్యాయత అనుకొన్నాను. నేను చదివిన పురాణగాథలలో ఇల్లు దోచినవారందరూ మొదట అతిథులుగానే వచ్చారు. రొట్టె తినలేదు. కోడలికి ఇచ్చాను. చాలా బాగున్నదన్నది.

శ్రావణ బహుళ విదియ

ఏసోబు ఇంటికి వెళ్ళాను. యంత్రం ముందు కూర్చుని ఉన్నాడు. దాని తెరమీద ఉప్పుగాలి తగలకుండా జరీ శాలువా కప్పి, ఒక అంచు ఎత్తి చూస్తున్నాడు. పెరట్లో మరో శాలువామీద రొయ్యలు ఎండుతున్నాయి.

ఆ శాలువాల కథ ఊరందరికీ తెలుసు. చేవ్రాలును ఒకరు మరొకరికి ఇచ్చే వీలు లేదు. పూర్వం కొన్నిచోట్ల చేవ్రాళ్ళు కొనుక్కొని లాకులు తెరిపించి ఊళ్ళు ముంచిన దుర్మార్గులుండేవారు. అందుకని ఇచ్చినా సభే ఇవ్వాలి, తీసినా సభే తీయాలి. అదీ నేరం రుజువైతేనే. తాను దిగిపోతానని ఏసోబు సభను అడిగినప్పుడల్లా సభ అతని సేవలను కొనియాడి, శాలువా కప్పి, తిరిగి కూర్చోబెట్టింది. సన్మాన పత్రం ఒకసారి నేనే సీసపద్యంలో వ్రాశాను.

ఫిర్యాదుల సంగతి చెప్పాను. అతనికి కోపం రాలేదు. అది నాకు వింతగా తోచింది.

"నిజమేగదండీ," అన్నాడు. "కళ్ళు మసకేసినయ్. ఎవుడన్నా మార్పట్టుకొత్తే వాణ్ణి నీళ్ళలోకి తొయ్యాలనిపిత్తంది. తీసెయ్యమనండి నన్ను."

"తీస్తే చేవ్రాలు ఎవరికి పోతుంది?"

"సుంకులుందిగా. నాకన్నా బాగా చేత్తది."

అతనిమీద ఫిర్యాదులు చేసింది ఆమే అయి ఉంటుందని సభ అనుమానిస్తున్నట్లు చెప్పాను. అతడు శాలువా అంచు దించి తెరను కప్పేశాడు. తరువాత, ఆ పిల్ల అట్టాంటిది కాదండీ అని మాత్రం అన్నాడు. గురువుకు శిష్యురాలిమీద ఉండే గుడ్డినమ్మకమని జాలిపడి తిరిగివచ్చాను.

శ్రావణ బహుళ పంచమి

సుంకులమ్మను పిలిపించాను. ఎదురుగా కూర్చోమన్నాను. ఏ మార్పూ తేకుండా ఆమె ఆ పీటమీద కూర్చోవడం అదే మొదలు.

ఏ రోజున ఏ రేవుకు వెళ్ళావని అడిగాను. మూడు రేవులకూ రోజూ వెళ్తానన్నది. లాకుల తలుపులకు తీగలు చూసేది ఆమే కాబట్టి అది నిజమే. నిజం కావడంవల్ల నా అనుమానం పెరిగిందే తప్ప తగ్గలేదు. ఏసోబుతో గొడవ ఉందా అన్నాను. రోజూ ఉంటుందన్నది. ఆయన తిట్టని రోజున జ్వరమేమోనని ఇంటికి వెళ్ళి చూసివస్తుందట. చేవ్రాలు కావాలని ఉందా అని అడిగాను.

"ఎవరికుండదు సామీ?" అన్నది. "కావల్లని ఉండాది. అట్లని దొంగతనంగా తెచ్చుకుంటానా?"

"ముగ్గురూ నీ పేరే చెప్పారమ్మా."

"అందుకే నేను కాదని తెల్సుకోవాల మీరు. నేనే అయితే రెండు తూర్లు ఇంకొకరి పేరు చెప్పిందును. ఆ మాత్రం తెలివి లేకనే నాలుగేండ్లు మీకాడ కోడు చదివినానా?"

ఇంతటి నేర్పు గల జవాబు నిర్దోషికి తడుతుందా అని ఆలోచించాను. తడబడి ఉంటే దోషి అనుకొనేవాడిని. తడబడలేదు కాబట్టి ఆరితేరినది అనుకొన్నాను. ఆమె నన్నే చూస్తున్నది.

"మా ఊర్లో నీళ్ళు లేక ఎండిపోయినారు. ఈడ నీళ్ళతో మునిగిపోతారంట. మధ్యన నిలబడి పనిచేద్దామని వచ్చినా. మీరేమో దొంగను చూసినట్ల చూస్తాండారు," అని లేచింది. గుమ్మం దగ్గర ఆగింది. "రొట్టెలు తిన్లేదంట గదా. విషం కలపలేదు సామీ."

కోడలు చెప్పి ఉంటుంది.

శ్రావణ బహుళ సప్తమి, ఆదివారం

మూడు ఫిర్యాదులనూ మళ్ళీ విన్నాను. మాటలను వదిలివేసి గొంతును విన్నాను. ముసుగు వల్ల గొంతు లేదు. గొంతునూ వదిలివేశాక, మాటకు మాటకు నడుమ నిశ్శబ్దం వినిపించింది.

ప్రతి నిడుపాటి వాక్యమూ సగంలో ఆగుతున్నది. పద్యపాదంలో యతి దగ్గర గొంతు నిలిచినట్లు. అర్థం అక్కడ విరామం కోరదు; ఊపిరి అంతలోనే అయిపోదు. అయినా ఆగి, కొంత నిలిచి, మిగిలిన సగాన్ని దించుతున్నది. మూడు రేవుల మూడు గొంతులలోనూ విరామం అదే, దాని కొలత అదే. ముగ్గురు కాదు, ఒక్కరే. ముసుగు నాదాన్ని మారుస్తుంది. ఆగడాన్ని ఎవరూ మార్చాలనుకోలేదు.

సుంకులమ్మ చదివిన మార్పుల ధ్వనులను తీయించి పక్కన పెట్టుకొని విన్నాను. ఆ విరామం దొరకాలని ఆశపడ్డానని ఒప్పుకోవాలి. దొరకలేదు. ఆమె ప్రతి మార్పునూ ఒక్క ఊపిరిలో, ఎక్కడా నిలవకుండా చదివింది. ఆమె కాదు.

తేలికపడవలసినవాడిని పడలేదు. మరి ఎవరు అన్న ప్రశ్న గదిలో నాతో కూర్చున్నది. కాస్త గాలి కోసం గట్టు వెంట నడిచాను. చర్చి కిటికీలు తెరిచి ఉన్నాయి. లోపల ఎవరో బైబిలు వాక్యం చదువుతున్నారు. సగం చదివి ఆగారు. జనం ఒక్కసారిగా "ఆమేన్" అన్నారు. మిగిలిన సగం చదివారు. మళ్ళీ సగం, మళ్ళీ ఆగడం, మళ్ళీ ఆమేన్.

జనం అందుకోవడానికి వదిలే విరామం అది. దాని కొలత నా చెవిలో అప్పటికే ఉన్నది.

కిటికీలోంచి చూడనవసరం లేకపోయినా చూశాను. ఏసోబు. చిన్నప్పటినుంచీ అక్కడ చదివేది అతడే. ఆ రేవు చెక్కగదులలో ఒంటరిగా కూర్చుని, తనమీద తానే నేరాలు మోపుకొంటూ, వాక్యం వాక్యానికీ సగంలో ఆగి, ఎవరూ అనని ఆమేన్ కోసం ఎదురుచూసి ఉంటాడు.

శ్రావణ బహుళ ఏకాదశి

ఉపవాసం. మనసు మాత్రం తినకూడనివన్నీ తింటున్నది.

చెబితే స్నేహితుడు సభలో దోషిగా నిలబడతాడు. చెప్పకపోతే సుంకులమ్మకు మౌనం పడుతుంది. ఇందులో తూచవలసినది లేదు. అయినా నాలుగు రోజులుగా తూస్తూనే ఉన్నాను. నన్ను తొలుస్తున్నది అతని మోసం కాదు. ఆ పిల్లమీద అనుమానం పడిందని నేనే అతనికి చెప్పాను. అప్పుడు శాలువా దించుకొని ఊరుకొన్నాడు. తన విడుదలకోసం ఆమెను ముంచడానికి సిద్ధపడ్డాడా? లేక ధైర్యం కూడగట్టుకొంటున్నాడా? విదియ నుంచి ఈనాటివరకు సభకు వెళ్ళి ఒక్క మాట చెప్పలేదు.

అతనికి కబురు పెట్టబోయి మానుకొన్నాను. ముందుగా చెబితే సిద్ధపడి వస్తాడు. నేను వినదలచుకొన్నది సిద్ధపడని మాట.

శ్రావణ బహుళ త్రయోదశి

సభ నిండిపోయింది. చర్చికి వెళ్ళే రేవువాళ్ళు ముందు వరుసలలో కూర్చున్నారు. వారి ఏసోబుమీద ఫిర్యాదని. సుంకులమ్మ ఒక్కతే గోడవారగా నిలబడింది. ఆమె పక్కన కూర్చోవడానికి ఎవరికీ మనసొప్పలేదు. జగదాంబగారు నన్ను తీర్పు చెప్పమన్నారు.

తీర్పు చెప్పననీ, మా పద్ధతి ప్రకారం ఫిర్యాదులను చదువుతాననీ అన్నాను. లేచి నిలబడి మొదటి ఫిర్యాదు అందుకొన్నాను. నా గొంతుతోనే, కాని విరామాలు ఉన్నవి ఉన్నట్లుగా. చిన్నప్పుడు మా గురువుగారు అనుస్వారం ఒక మాత్ర తగ్గితే మొట్టికాయ వేసేవారు. ఆ జాగ్రత్తతో చదివాను.

"ఏసోబు మన మార్పులను వారాల తరబడి" అని ఆగాను.

ముందు వరుసలో కొందరు కదిలారు.

"మూలన పడేస్తున్నాడు."

రెండవ ఫిర్యాదులోకి వచ్చేసరికి ముసలివాళ్ళ పెదవులు కదులుతున్నాయి. ఎందుకో వారికే తెలియదు. మూడవదానిలో "అతని చేతిలో లాకులు క్షేమం కావు" అని సగంలో నిలిచినప్పుడు, ఒడుగు మరియమ్మ అనే ముసలామె, కళ్ళు మూసుకొని వింటున్నదల్లా, నిండుగొంతుతో "ఆమేన్" అన్నది.

కొందరు నవ్వారు. తరువాత నవ్వు ఆగింది. మరియమ్మ కళ్ళు తెరిచి, నోరు మూసుకొని, తాను ప్రతి ఆదివారం ఎవరికి ఆ జవాబు చెబుతుందో అతనివైపు తిరిగింది. ఆమెతోపాటు వరుసలన్నీ తిరిగాయి.

మిగిలిన సగం నేను చదవలేదు. చదివినవారి ఎదుట శ్రోత చెప్పవలసిన మాట ఒకటుంది. దానికోసం నిలబడ్డాను.

ఏసోబు లేచాడు. "విన్నాను," అన్నాడు. కొంచెం ఆగి, "చదివింది నేనే," అన్నాడు.

జగదాంబగారు, ఎందుకయ్యా అని అడిగారు.

"దిగుతానన్నప్పుడల్లా శాలువా కప్పి కూకోబెట్టారు. నేరమైతేనే దించుతారంటిరి. నా దగ్గర నేరం లేకపోయె. ఉన్న కాసింత కోపాన్నే పోగేసి చెప్పుకున్నా." తల తిప్పి గోడవైపు చూశాడు. "నీ పేరు చెప్పటం తప్పయిందే సుంకులూ. మంచి చేత్తన్నాననుకున్నా."

"ఇన్ని దినాలు ఊరికే ఉంటివి గదా," అన్నది సుంకులమ్మ. గొంతు పెద్దది చేయలేదు.

అతడు తిరిగి కూర్చున్నాడు.

సభ అతని చేవ్రాలు తీసివేసింది. మౌనం విధించింది, కాని వయసు చూసి ఊరిలో ఉండనిచ్చింది, అతని పాత కోడును ఊడదీయలేదు. చర్చిలో చదువుకోవడానికి అడ్డులేదని జగదాంబగారు ప్రత్యేకంగా చెప్పారు. చేవ్రాలు సుంకులమ్మకు ఇచ్చారు. రెండు రోజులలో అమావాస్య, వేరే దారి లేదు. ఆమెకు శాలువా కప్పబోతే వద్దన్నది.

శ్రావణ అమావాస్య

మబ్బు పట్టి ఉంది. ఊళ్ళో ఆడవాళ్ళు పోలేరమ్మ పూజకు కందమొక్కలు తెచ్చుకొంటున్నారు. మధ్యాహ్నం పెద్దపోటు. దానికి ముందు లాకులన్నిటి క్రమాన్ని చేవ్రాలుదారు శ్రోతకు వినిపించాలి: ఏ తలుపు ఎప్పుడు మూయాలి, ఏది ఎంత తెరచి ఎగువ వరదను వదలాలి. ఇంతకాలం అది చదివింది ఏసోబు ఒక్కడే. తాను వ్రాసినదాన్ని ప్రతి పోటుకూ చూడకుండా గొణిగేవాడు. ఎక్కడ ఆగాడో నేను కూడా ఏనాడూ పట్టించుకోలేదు.

ఈసారి క్రమం కొత్తది, సుంకులమ్మ వ్రాసినది. పీటమీద కూర్చుని చదవడం మొదలుపెట్టింది. నిడుపాటి వాక్యాలు. మొదటిది సగం చదివి ఆగింది.

కొంత నిలిచి, మిగిలిన సగం దించింది.

రెండవదీ అంతే. కొలత కూడా అదే.

ఇంతవరకు ఆమె నావద్ద చదివినవన్నీ చిన్న మార్పులు. ఒక్క ఊపిరికి సరిపోయేవి. వాటిలో విరామం వెతికి, దొరకలేదని ఆమెను నిర్దోషి అన్నాను. కురచ పద్యంలో యతి కనబడలేదని కవికి యతి తెలియదని తీర్పు చెప్పినవాడి తెలివి నాది.

నాలుగేళ్ళు ఏసోబు పక్కన కూర్చుని నేర్చుకొన్నది. గురువు ఉచ్చారణ శిష్యులకు అంటుకొంటుంది; మా గురువుగారి దగ్గు కూడా మా పాఠశాలలో అందరికీ వచ్చింది. అది ఒక్కటే కారణం కావచ్చు. ఏసోబు తానే అని ఒప్పుకొన్నాడు. కాని గోడవారగా ఒంటరిగా నిలబడ్డ శిష్యురాలిని చూసి, దిగిపోవాలని ముందే తహతహలాడుతున్న మనిషి, తనది కాని నేరాన్ని తనదని అనలేడా? ఎంత తేలిక అతనికి. ఇన్ని దినాలు ఊరికే ఉన్నావని ఆమె అన్నమాట నిందా, వంతపాటా?

"మళ్ళీ చదువమ్మా," అన్నాను.

చదివింది. అక్కడే ఆగింది.

"మళ్ళీ."

"ఏం సామీ, తప్పుండాదా?"

తప్పు ఉన్నదో లేదో నేను వినలేదని అప్పుడు తెలిసింది. రెండుసార్లూ ఆమె నిశ్శబ్దాన్నే విన్నాను. మూడవసారి మాటలను విన్నాను. ఒక్కొక్క తలుపునూ మనసులో మూసి, తెరిచి, నీటిని వెంబడించి, చివరినుంచి మొదటికి వెనుదిరిగి వచ్చాను. ఎక్కడా జారలేదు. ఏసోబు క్రమంలో ఏనాడూ కుదరని ఐదవ లాకు దగ్గర కూడా నీరు సాఫీగా దిగింది.

చదవడం ముగించి ఆమె ఆగింది. జవాబు కోసం.

"విన్నాను," అన్నాను.

ఆమె చేవ్రాలు వేసింది. లాకులు కదిలిన చప్పుడు నేలలోంచి వచ్చింది. గుమ్మం దాటుతూ, బల్లమీద మూట పెట్టి వెళ్ళింది. నేను ఆ మూట పట్టుకొని మూడవ లాకు దగ్గరకు నడిచాను. పోటు నా సుద్దగుర్తు దాటి ఎక్కుతున్నది. ఒక చేత్తో చేతిచక్రాన్ని పట్టుకొని నిలబడి, రొట్టె విప్పి తిన్నాను. బాగుంది. పాటు మొదలై నీరు వెనుదిరిగేవరకు చక్రంమీద చేయి తీయలేదు.